ట్రాక్టరును సాకిన పాషా ఆంగెలినా

సోవియట్ యూనియన్‌లో తొలి మహిళా ట్రాక్టరు దళాన్ని నడిపిన పాషా ఆంగెలినా గురించి రాసినవాళ్ళు ఆమె ఎన్ని హెక్టార్లు దున్నించిందో రాశారు, ఎన్ని పతకాలు పొందిందో రాశారు. ఆ హెక్టార్ల వెనుక ఉన్న అసలు పని మాత్రం ఫొటోలకు ఎక్కేది కాదు. తెల్లవారకముందే ఇంజనులో ఆయిలు చూడటం, గ్రీజు పట్టించటం, కిరసనాయిలు వడకట్టి పోయటం, మసిగుడ్డతో బోల్టులు తుడుస్తూ ఏది వదులైందో కనిపెట్టటం - ఇదీ ఆ పని. అప్పుచేసి ట్రాక్టరు కొని వాయిదాలకు తంటాలు పడే మన రైతులకూ, కూలికి ట్రాక్టరు తోలే మన డ్రైవర్లకూ ఆమె పతకాలకంటే ఈ పనే దగ్గర. కనుక ఆమె కథను ఆ వైపునుంచి చెప్పుకుందాం.

ఆమె అసలు పేరు ప్రస్కోవ్యా నికీతిచ్నా ఆంగెలినా. 1913 జనవరి 12న (అప్పటి రష్యా పంచాంగం ప్రకారం 1912 డిసెంబరు 30న) స్తారో బెషెవో గ్రామంలో పుట్టింది. ఉక్రేనియాలో దొనెత్స్క్ బొగ్గుగనుల ప్రాంతంలో ఉందీ ఊరు. 18వ శతాబ్దంలో క్రిమియా నుంచి తరలివచ్చిన గ్రీకులు కట్టుకున్న ఊరది. పాషా కుటుంబమూ గ్రీకు కుటుంబమే. తండ్రి వ్యవసాయ కూలీ. పిల్లకు పదేళ్ళు నిండకుండానే గనిలో బొగ్గు మోసింది. ఆ తర్వాత కులక్కుల దగ్గర, అంటే మనం మోతుబరులు అంటామే వాళ్ళ దగ్గర, కూలికి కుదిరింది.

1929 నుంచి సమష్టి వ్యవసాయం ముమ్మరమైంది. అది నడిచిన తీరులో బలవంతం ఎంతో ఉంది. పశువులను క్షేత్రానికి అప్పగించడం ఇష్టంలేక కోసుకు తిన్నవాళ్ళు కొందరు, మేత లేక చచ్చిన పశువులు కొన్ని. 1928కీ 1933కీ మధ్య దేశంలో గుర్రాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. మనకు దుక్కిటెద్దులెలాగో వాళ్ళకు గుర్రాలలాగ. అవి సగం పోయాక దుక్కి సాగాలంటే ట్రాక్టరే గతి. ట్రాక్టర్లు రైతుకూ సొంతం కావు, సమష్టి క్షేత్రానికీ సొంతం కావు. యంత్ర ట్రాక్టరు కేంద్రాలని ప్రభుత్వం పెట్టింది. మొదటిది 1928లో ఒడెస్సా ప్రాంతంలో వెలిసింది. ట్రాక్టర్లు, మరమ్మతు షెడ్లు, చమురు పీపాలు అన్నీ కేంద్రం అధీనంలో ఉండేవి. చుట్టుపక్కల క్షేత్రాలకు దున్నిపెట్టి, బదులుగా ధాన్యం కొలిపించుకునేవారు. స్తారో బెషెవోలోనూ అలాంటి కేంద్రం వచ్చింది. 1930 నాటికి పాషా అక్కడ ట్రాక్టరు డ్రైవరు. అప్పటికి ఆమెకు పదిహేడేళ్ళు.

ఆ ట్రాక్టర్ల సంగతి కొంచెం చెప్పకపోతే ఆమె చేసిన పని అర్థం కాదు. తొలిరోజుల్లో సోవియట్ పొలాల్లో తిరిగినవాటిలో ముఖ్యమైనవి పుతిలోవ్ కర్మాగారంలో తయారైన ఫోర్డ్‌సన్ నమూనా బండ్లు. వెనక ఇరుసులోని పళ్ళచక్రం రాపిడికి ఆయిలు కాగిపోయి, పైనున్న ఇనపసీటు కూర్చోనివ్వకుండా మండేది. 1930లో స్టాలిన్‌గ్రాడ్‌లోనూ, 1931లో ఖార్కోవ్‌లోనూ కొత్త కర్మాగారాలు మొదలై 15/30 అనే నమూనా ట్రాక్టర్లు వచ్చాయి. నాగలి లాగేచోట 15, పట్టా మీద 30 అశ్వశక్తులని ఆ అంకెలకు అర్థం. రబ్బరు టైర్లు లేవు, ముళ్ళ ఇనపచక్రాలే. పైన టాపు లేదు. సెల్ఫ్ లేదు, ముందు హ్యాండిలు పట్టి తిప్పాలి. వెనక్కి కొట్టిందంటే మణికట్టు విరిగేది.

ఇంజను నడిచేది కిరసనాయిలుతో. పెట్రోలుతో మొదలుపెట్టి, ఇంజను బాగా వేడెక్కాక కిరసనాయిలుకు మార్చాలి. ఇక్కడే తిరకాసు ఉంది. వేడెక్కకముందే తొందరపడి మార్చితే కిరసనాయిలు పూర్తిగా ఆవిరి కాదు. సగం కాలి, సగం సిలిండరు గోడలమీదుగా కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. కమ్మీ పెట్టి చూస్తే ఆయిలు తగ్గకపోగా పెరిగినట్టు కనిపిస్తుంది! తెలియనివాడు సంతోషిస్తాడు. తెలిసినవాడు రెండు వేళ్ళ మధ్య రాసి, వాసన చూసి, పలచబడిందని గ్రహించి మార్చేస్తాడు. పలచబడ్డ ఆయిలుతో నడిపితే కనెక్టింగు రాడ్ల కింది తెల్లలోహపు బేరింగులు అరిగి టకటకమని మోత మొదలౌతుంది. అప్పుడు అడుగుమూత విప్పి, బేరింగు మధ్య పెట్టిన పలుచని రేకులు ఒక్కొక్కటే తీసి మళ్ళీ బిగించాలి. ఆ రోజుల్లో డ్రైవర్లు రాత్రిపూట లాంతరు వెలుగులో, పొలంలోనే, బండి కింద వెల్లకిలా పడుకుని చేసిన పని ఇది. చలికాలంలో ఇంకో గొడవ. రాత్రి రేడియేటరులో, ఇంజనులో నీళ్ళు మిగిలితే గడ్డకట్టి ఉబ్బి ఇనుమే పగిలిపోతుంది. అందుకని సాయంత్రం నీళ్ళన్నీ వదిలేయాలి, పొద్దున్నే వేడినీళ్ళు పోయాలి.

ఎద్దుకు ఆకలేస్తే అరుస్తుంది, కాలు నొప్పెడితే కుంటుతుంది. ఇంజను ఆ పని చెయ్యదు. అరిచేసరికే అంతా అయిపోయుంటుంది. ఈ తేడా అలవాటు కావడానికి గుర్రాలు తోలిన రైతాంగానికి ఎక్కడైనా కొంతకాలం పట్టింది. మన దగ్గరా అంతే.

1933 వసంతంలో పాషా తన ఈడు ఆడపిల్లల్ని కూడగట్టి ఒక ట్రాక్టరు దళాన్ని తయారుచేసింది. దేశంలో అదే మొదటిది. ఆ వసంతం మామూలు వసంతం కాదు. ధాన్య సేకరణ పేరిట ఊళ్ళను ఊడ్చిపెట్టగా ఉక్రేనియాలో ఘోరమైన కరువు వచ్చి లక్షలాది రైతులు చనిపోయిన కాలమది. ఈ మాట దాటేసి ఆమె కథను పండుగలా చెప్పడం న్యాయం కాదు. ఆకలితో ఉన్న ఊరికి ఆ ఏటి విత్తనం భూమిలో పడటం చావుబతుకుల సమస్య. ట్రాక్టరు సాలు మధ్యలో ఆగిపోతే పోయేది పేరొక్కటే కాదు.

దళం మొదటిరోజు పొలానికి బయలుదేరితే ఊరి పొలిమేరలో ఆడవాళ్ళే గుంపుగా అడ్డం నిలబడ్డారు. ఆడపిల్లలు తోలే బండ్లను మా భూమిలో అడుగుపెట్టనివ్వం, పంట పాడవుతుంది పొమ్మని కేకలేశారు. వెనక్కి తిరక్కపోతే కొట్టేలాగే ఉన్నారు. కేంద్రం రాజకీయ శాఖాధిపతి కూరొవ్ వచ్చి నచ్చజెప్పి, దగ్గరుండి బండ్లను పొలంలోకి పంపించాడు. ఆ ఆడవాళ్ళను తిట్టుకోనక్కరలేదు. ఉన్న కాసిని గింజలూ ఎవరిచేతిలో పెడుతున్నామో అన్న భయం వాళ్ళది. ఆ భయాన్ని ఉపన్యాసాలు పోగొట్టలేవు. బండి ఆగకుండా నడవటం ఒక్కటే పోగొడుతుంది. ఆ ఏడాది పాషా దళం తన ప్రణాళికకు మించి పనిచేసింది.

దళనాయకురాలి పని ట్రాక్టరు తోలడంతో తీరదు. ఏ బండి ఏ చెక్కకు పోవాలి, దుక్కి లోతు సరిగా పడుతోందా, ఏ బండికి ఎంత ఇంధనం పోశారు, ఎంత దున్నింది, ఆయిలు ఎప్పుడు మార్చారు - అన్నిటికీ ఆమే జవాబుదారీ. ఇంధనానికి హెక్టారుకు ఇంతని పరిమితి ఉండేది. పొదుపుచేస్తే బహుమానం, మించితే కోత. ఇంధనం ఎక్కువ తాగే బండి అంటే ఎక్కడో జబ్బున్న బండి. గాలి వచ్చే దారి దుమ్ముతో మూసుకుందా, స్పార్కు ప్లగ్గు మసిబారిందా, చక్రాల బేరింగు బిగుసుకుందా అని వెతకాలి. కనుక ఇంధనం లెక్క ఒకవిధంగా వైద్యుడి నాడి లాంటిది. మన రైతుల్లో చాలామంది డీజిలు బంకులో ఎంత డబ్బు కట్టారో చెప్పగలరు గాని, గంటకు బండి ఎన్ని లీటర్లు తాగుతోందో చెప్పలేరు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు ఉంటే చాలు, తెలిసిపోతుంది.

1935 ఫిబ్రవరిలో మాస్కోలో సమష్టి క్షేత్రాల ఆదర్శ కార్మికుల రెండో మహాసభ జరిగింది. పాషా అక్కడ వేదికెక్కి, ఆ ఏడు తమ దళం ఒక్కొక్క ట్రాక్టరుతో 1200 హెక్టార్ల పని చేస్తుందని స్టాలిన్ ఎదుట మాట ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆ అంకె దాటారు. డిసెంబరులో లెనిన్ ఆర్డరు వచ్చింది.

1200 హెక్టార్లంటే మన లెక్కలో దాదాపు 3000 ఎకరాలు. దున్నడం, విత్తడం, చదునుచేయడం అన్నిటినీ దుక్కి లెక్కలోకి మార్చి చెప్పే అంకె అది. అయినా ఏడాదిలో 200 రోజులు బండి నడిచిందనుకుంటే రోజుకు 15 ఎకరాలు. పదిహేను, ముప్ఫై అశ్వశక్తుల బండితో! ఇది వేగంగా తోలితే సాధ్యమయ్యేది కాదు. ఆ బండ్లు మనిషి వడివడిగా నడిచినంత వేగమే పోయేవి. పగలొకరు రాత్రొకరు వంతులవారీగా తోలుతూ, ఎక్కడా ఆగకుండా ఉంటేనే సాధ్యం. చమురు కోసం బండి కేంద్రానికి పరుగెత్తకూడదు, చమురే బండి దగ్గరికి రావాలి. బేరింగు సాలు మధ్యలో పోకూడదు, అరుగుదల ముందే కనిపెట్టి వంతు మారేటప్పుడు బిగించుకోవాలి. పెద్ద మరమ్మతులు మంచు కురిసే నెలల్లోనే పూర్తికావాలి. వసంతంలో నేల మెత్తబడిన రోజున బండి సిద్ధంగా ఉండాలి. మనకు తొలకరి ఎలాగో వాళ్ళకు ఆ మంచు కరిగే వారం అలాగ. మన పల్లెల్లో ట్రాక్టరును మే నెలంతా చింతచెట్టు కింద వదిలేసి, మొదటి వాన పడ్డాక మెకానిక్ ఇంటికి పరుగెత్తేవాళ్ళు ఎందరో! ఆ రోజు మెకానిక్ దొరకడు, దొరికినా చెప్పిన రేటే రేటు.

ఆ తర్వాత పాషా దేశమంతటా తెలిసిన మనిషైంది. 1937లో సుప్రీం సోవియట్‌కు ఎన్నికైంది. 1938లో లక్షమంది ఆడవాళ్ళు ట్రాక్టరు నేర్చుకోవాలని పిలుపునిచ్చింది. రెండు లక్షలమంది ముందుకొచ్చారని చెబుతారు. 1939లో వచ్చిన పీర్యెవ్ సినిమా ట్రాక్టరు డ్రైవర్లలో నాయిక పాత్రకు ఆమే నమూనా. సినిమాలో పాటలున్నాయి, ప్రేమ ఉంది. అడుగుమూత విప్పి బేరింగులు బిగించటాన్ని సినిమా ఎక్కువసేపు చూపించదు కదా! ఆమె మటుకు పేరొచ్చిందని ఊరుకోలేదు. మాస్కోలోని తిమిర్యాజెవ్ వ్యవసాయ అకాడమీలో చేరి చదువుకుంది. ఆ కీర్తి వెలుగుతున్న రోజుల్లోనే, 1937 డిసెంబరు నుంచి, ఆమె జాతివాళ్ళైన గ్రీకుల్ని వేల సంఖ్యలో రహస్య పోలీసులు పట్టుకుపోయి చాలామందిని కాల్చిచంపారు. ఇదీ అదే దేశపు చరిత్రే.

1941లో హిట్లరు సేనలు ఉక్రేనియాలో చొరబడినప్పుడు పాషా దళం తమ యంత్రాలను రైళ్ళకెక్కించి తూర్పుకు తరలించింది. పశ్చిమ కజఖ్‌స్తాన్‌లోని తెరెక్తా గ్రామంలో దిగి, అక్కడి పొలాల్లో పని మొదలుపెట్టింది. మగవాళ్ళు యుద్ధానికి పోయారు. మంచి ట్రాక్టర్లను సైన్యం తీసుకుంది. కర్మాగారాలు ట్యాంకులు చేస్తున్నాయి గనుక విడిభాగాల్లేవు. ఉన్న పాత బండ్లను పాత ముక్కలతో అతుకుపెట్టి నడపాలి. వాడిన ఆయిలును పారబోయకుండా తేర్చి, వడకట్టి, శుద్ధిచేసి మళ్ళీ వాడిన రోజులవి. యుద్ధకాలంలో సోవియట్ పొలాల్లో ట్రాక్టర్లు తోలినవాళ్ళలో అధికభాగం ఆడవాళ్ళే. 1938 పిలుపు విని నేర్చుకున్న ఆడపిల్లలు లేకపోతే సైన్యానికి రొట్టె ఎక్కడిది? ఆమె జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని ఇదేనని నాకనిపిస్తుంది. 1943లో దొన్‌బాస్ విముక్తమయ్యాక తిరిగి సొంతూరు చేరుకుంది.

1946లో స్టాలిన్ బహుమతి, 1947లో సోషలిస్టు శ్రమవీర బిరుదు వచ్చాయి. యుద్ధం తర్వాత న్యూయార్కులోని ఒక ప్రపంచ జీవిత చరిత్రల కోశంవారు ఆమెకు ప్రశ్నపత్రం పంపారు. ఎప్పుడు పుట్టావు, ఏం చేశావు అని. దానికి జవాబుగా ఆమె తన జీవితకథనే రాసింది.

1949 నుంచి పొలాల్లోకి డి.టి.-54 అనే 54 అశ్వశక్తుల గొలుసుచక్రాల బండ్లు వచ్చాయి. ఇవి డీజిలువి. కిరసనాయిలు బండికి అలవాటుపడ్డ డ్రైవర్లకు ఇది కొత్త విద్య. కిరసనాయిలు బండి కాస్త మురికిని భరిస్తుంది. డీజిలు పంపు భరించదు. పంపులో పిస్టన్లు వెంట్రుకలో ఎన్నోవంతు సందుతో అమరుస్తారు. కంటికి కనపడని ఇసుక రేణువు చాలు గీత పెట్టడానికి, బొట్టు నీరు చాలు తుప్పు పట్టించడానికి. అందుకే రెండు వడపోతలు పెడతారు, ముందు ముతకది, తర్వాత సన్నది.

ఈ విషయం మన ట్రాక్టర్లకూ అక్షరాలా వర్తిస్తుంది గనుక కాస్త ఆగుదాం. పీపాలో తెచ్చిన డీజిలును రెండు రోజులైనా కదపకుండా తేరనివ్వాలి. అడుగున నాలుగువేళ్ళ మేర వదిలి పైది తీయాలి. టాంకు రాత్రికి ఖాళీగా ఉంటే లోపలి గాలిలోని తేమ చల్లబడి నీరై అడుక్కి చేరుతుంది. కనుక పొద్దున కాదు, సాయంత్రం పని ముగియగానే నింపాలి. ఫిల్టరు కింది బోల్టు వదులుచేసి పొద్దున్నే నీరు కార్చాలి. ఫిల్టరు మార్చిన తర్వాత గొట్టాల్లో గాలి లేకుండా తీసేయాలి, లేకపోతే బండి అందుకోదు. ఎయిర్ క్లీనరు ఆయిలు గిన్నె రకమైతే దుమ్ము పనుల్లో ప్రతి పూటా విప్పి చూడాలి. అడుగున మడ్డి చేరితే ఆయిలు పారబోసి, గిన్నె కడిగి, గీత వరకే పోయాలి. గీత దాటించి పోస్తే ఆ ఆయిలునే ఇంజను పీల్చేస్తుంది. గుళికల కాగితం రకమైతే టైరుకేసి బాదకూడదు, కాగితం చిరిగిందంటే దుమ్ము నేరుగా లోపలికే. దమ్ము చేసే మాగాణుల్లో చక్రాల హబ్బుల్లోకి బురదనీరు పోతుంది. గేరుబాక్సు ఆయిలు పాలలా తెల్లబడితే నీరు చేరినట్టే, ఇంక ఒక్క సాలు కూడా తోలకుండా మార్చాలి. ఇంజను ఆయిలు ఎన్ని గంటలకు మార్చాలన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం మన ఇళ్ళలో దూలం మీద ఉంటుంది, బండి తోలే కుర్రాడి చేతికి రాదు.

1958లో యంత్ర ట్రాక్టరు కేంద్రాలను రద్దుచేసి ట్రాక్టర్లను సమష్టి క్షేత్రాలకు అమ్మేశారు. ఒకే భూమికి ఇద్దరు యజమానులనే గొడవ తీరుతుందని ఆలోచన. ఆలోచనలో న్యాయం ఉంది. కాని బండి కొన్న క్షేత్రాలన్నిటికీ మరమ్మతు షెడ్డు లేదు, చాలామంది మెకానిక్కులు పట్నాల దారి పట్టారు. బండ్లు సొంతమయ్యాయి, బాగుచేసే చేతులు దూరమయ్యాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే పాషాకు రెండోసారి శ్రమవీర బిరుదు ఇచ్చారు. అప్పటికే ఆరోగ్యం పాడైంది.

1959 జనవరి 21న మాస్కోలో కాలేయం గట్టిపడే వ్యాధితో కన్నుమూసింది. అప్పటికి 46 ఏళ్ళు నిండి తొమ్మిది రోజులైంది. ఆ జబ్బు కిరసనాయిలువల్లే వచ్చిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ కాలపు డ్రైవర్లు పీపాలోంచి ఇంధనం తీయాలంటే గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చేవారు. రోజూ అంతో ఇంతో మింగుడుపడేది. చేతులూ బట్టలూ ఎప్పుడూ చమురులో నానుతుండేవి. ఆమె కాలేయానికి అదే కారణమో కాదో మనం తేల్చలేము. కాని ఆ గొట్టం పీల్చే అలవాటు మన ఊళ్ళలో ఈనాటికీ పోలేదని అందరికీ తెలుసు.

వైద్యులు చెప్పేదేమంటే, నోటిలోకి వచ్చిన డీజిలు గాని కిరసనాయిలు గాని ముందు దెబ్బతీసేది ఊపిరితిత్తుల్ని. పొరపడి రెండు చుక్కలు గాలిగొట్టంలోకి జారినా ఊపిరితిత్తులు వాచి ప్రాణంమీదికి వస్తుంది. మింగినవాడికి ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకూడదు. వాంతిలో వచ్చే ఇంధనం మళ్ళీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. దగ్గు, ఆయాసం లేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చేత్తో తిప్పే పీపా పంపు బజారులో దొరుకుతుంది. అది కూడా వద్దనుకుంటే పీపాను ఎత్తు దిమ్మెమీద పెట్టి కింద కుళాయి బిగించుకుంటే చాలు. ట్రాక్టరు కొన్నవాడికి ఆ కుళాయి ఖర్చు బరువు కాదు. పీల్చేది యజమాని కాదు గనుకనే అది ఆలస్యమవుతోంది.

ఆమెను తీసుకొచ్చి స్తారో బెషెవోలోనే సమాధి చేశారు. ఊళ్ళో ఆమె కంచు విగ్రహం నిలబెట్టారు, ఆమె పేరుతో మ్యూజియం పెట్టారు. 2014 ఆగస్టులో ఆ ఊరి చుట్టుపక్కల పొలాల్లో యుద్ధం జరిగింది. ఆమె కాలపు 15/30 బండ్లు తయారైన ఖార్కోవ్ ట్రాక్టరు కర్మాగారం 2022లో రష్యా దాడుల్లో తగలబడింది.